గూటికి దూరంగా, ముసలి డ్రాగన్

సారు పోయారని చెప్పడానికి మా అమ్మ వచ్చి గడప బయటే నిలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "సారు పోయిండు బిడ్డా" అంది. నాకప్పుడు ఏడో నెల. మంచం మీద నుంచి లేవాలంటే గోడ పట్టుకోవాలి. లేచి, "సిరిసిల్లలనా? ఆయన బిడ్డ ఇంటికాడనా?" అని అడిగాను. అమ్మ నా ముఖం వైపు చూడలేదు.

"సిరిసిల్ల పోనేలేదే సారు. ఈడనే ఉన్నడు. సూరత్‌లనే."

కరోనా రెండో వేవ్‌లో పాండేసరా వైపు పెళ్లిళ్లకు అద్దెకిచ్చే ఒక హాలును వార్డుగా మార్చారు. సారు అక్కడ ఆక్సిజన్ మీద ఉన్నారట. వడోద్‌లోని మా గల్లీ నుంచి ఆటోలో వెళ్తే, పోసిన చాయ్ చల్లారేలోపు చేరొచ్చు. అన్ని రోజులూ ఆయన నాతో ఫోన్‌లో మాట్లాడుతూనే ఉన్నారు. సిరిసిల్లలో కూతురింట్లో ఉన్నానని, మనవళ్లు కళ్లద్దాలు దాచిపెట్టి ఏడిపిస్తున్నారని, పెరట్లో మామిడి విరగకాసిందని చెబుతూనే ఉన్నారు. ఆ మామిడిచెట్టును నేను నమ్మాను. పచ్చడికి కాయలు తెమ్మని కూడా చెప్పాను.

మా తెలుగు సంఘం వాళ్లు సారు గురించి నాలుగు మంచి మాటలు రాసివ్వమని అడిగి చాలా రోజులైంది. "నువ్వు ఆయన ఇష్టమైన శిష్యురాలివి, నువ్వు రాయకపోతే ఎవరు రాస్తారు" అన్నారు. రెండుసార్లు తప్పించుకున్నాను. మంచి మాటలు లేక కాదు, ముందు కోపం బయటికొస్తుందని. ఇప్పుడూ అదే వస్తోంది. చదివేవాళ్లు క్షమించాలి. నన్ను ఇంతగా మోసం చేసిన మనిషి నా బతుకులో ఇంకొకరు లేరు.

సారు మా తెలుగు మీడియం బడిలో జీవశాస్త్రం చెప్పేవారు. మా బడిలో చదివేవాళ్లంతా మగ్గాల షెడ్డుల్లో పనిచేసే వాళ్ల పిల్లలమే. ఇంట్లో తెలంగాణ తెలుగు, గల్లీలో హిందీ, దుకాణంలో గుజరాతీ. ఏ భాషా పూర్తిగా రాని మాకు సారు కప్ప గుండె గురించి చెప్పారు. చెప్పడమంటే నల్లబల్ల మీద రాయడం కాదు. ఒక ఆదివారం ఇంటికి రమ్మని, మటన్ దుకాణం నుంచి మేక ఊపిరితిత్తులు తెచ్చి, గొట్టంలోకి సైకిల్ పంపు పెట్టి కొట్టమన్నారు. ముడుచుకుని, మాసిన గుడ్డలా పడి ఉన్నది ఒక్కసారిగా గులాబీ రంగుకు తిరిగి లేచి కూర్చుంది. ఆడపిల్లలం కెవ్వుమన్నాం. తర్వాత దాన్ని బకెట్ నీళ్లలో వేస్తే మునగలేదు.

"గుండె మునుగుతది, కాలేయం మునుగుతది, ఇదొక్కటే తేలుతది. ఎందుకో చెప్పుండ్రి" అన్నారు సారు.

"గాలి ఉంది కాబట్టి" అన్నాను.

"పాస్" అన్నారు.

ఆయనకు రెండే మార్కులు, పాస్, ఫెయిల్. వంద మార్కుల లెక్కలు బడి రికార్డు కోసం పెట్టుకునేవారు. రిటైరయ్యాక కూడా చొక్కా జేబులో సుద్దముక్క ఉండేది. చాయ్ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ తాగేవారు. ఎదురుపడిన ప్రతివాళ్లనూ "తిన్నవా?" అని అడిగేవారు. పొద్దున ఆరింటికి నీళ్లు పట్టుకుంటున్నా అదే, శవాన్ని ఎత్తుతున్న ఇంటి ముందైనా అదే. నమస్కారానికి బదులు ఆయనకు ఆ మాట అలవాటైపోయింది. ఆయన భార్యను గల్లీ అంతా పెద్దమ్మ అంటాం. "సారు యమధర్మరాజును గూడ తిన్నవా అనే అడుగుతడు" అని పెద్దమ్మ వేళాకోళం చేసేది. ఆ వేళాకోళం తల్చుకుంటే ఆమెకు ఇప్పుడు ఎలా ఉంటుందో నేను అడగలేదు.

పెళ్లయ్యాక నేను అదే గల్లీలో, సరిగ్గా సారు ఇంటికి ఎదురింట్లో కాపురం పెట్టాను. జకార్డ్ డిజైన్లు గీయడం నా పని. రింగ్ రోడ్ మార్కెట్‌లోని శేఠ్ ఏదైనా బొమ్మ అడిగితే, దాన్ని కంప్యూటర్‌లో చిన్న చిన్న గళ్లుగా నింపి ఇస్తాను. ఆ గళ్లను బట్టి మగ్గం మీద పోగులు లేచి దిగి బట్టలో బొమ్మ పడుతుంది. కరోనా ముందటి సంవత్సరం పండగ సీజన్‌కు శేఠ్‌కు డ్రాగన్ కావాలన్న బుద్ధి పుట్టింది. నెమళ్లు, ఏనుగులు, మామిడి పిందెలు అయిపోయాయి, కొత్తది కావాలన్నాడు. నేను గీస్తుంటే సారు చాయ్‌కి వచ్చి వెనక నిలబడ్డారు.

"గిదేంది బిడ్డా?"

"డ్రాగన్ సారూ."

"ఏం తింటది?"

"చీరె మీద ఉంటది సారూ. ఏం తినది."

"తినకుంటే గింత బొర్ర ఎట్ల వచ్చింది దీనికి?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కాళ్లు లెక్కపెట్టారు. "నాలుగు కాళ్లు, రెండు రెక్కలు. ఎముకలున్న దేనికన్నా ఆరు చూసినవా నువ్వు? పిట్టకు రెక్కలే ముందుకాళ్లు. గబ్బిలానికి గూడ గంతే. ఆరు గావాలంటే పురుగును గీయి, నేనేం అన" అన్నారు. ఆయన ఎదురుగానే ముందుకాళ్లు రెండూ తీసేశాను. మర్నాడు శేఠ్ తెర మీద చూసి, "అరే బెహెన్, ఇస్‌కీ దో టాంగ్ కౌన్ లే గయా?" అని అరిచాడు. దీని రెండు కాళ్లు ఎవరు ఎత్తుకెళ్లారని అతని బాధ. అవిటి జంతువును పండక్కి ఎవరు కట్టుకుంటారన్నాడు. కాళ్లు మళ్లీ అతికించి ఇచ్చాను. ఆ చీర బాగానే అమ్ముడుపోయింది. మా గల్లీలోనే ఒకామె కట్టుకుని తిరిగేది. ఆమె ఎదురైతే సారు ముఖం తిప్పుకునేవారు.

రెండు కాళ్ల డ్రాగన్ మాత్రం మా దగ్గర మిగిలిపోయింది. దాన్ని ఎవరూ కొనరు, ఎవరూ అడగరు. అందుకే మా ఇష్టమొచ్చినట్టు పెంచుకున్నాం. ఇష్టమొచ్చినట్టు అన్నానుగానీ, సారు ఇష్టం చాలా కఠినమైనది. మంత్రాలు ఉండకూడదు, దేవుడిచ్చిన వరాలు ఉండకూడదు. ఏ అవయవం పెట్టినా దాని ఖర్చు ఎవరు భరిస్తున్నారో చెప్పాలి. "ఒంట్ల ఉత్తగ ఏదీ రాదు" అనేది ఆయన మాట. పెద్ద రెక్కలు కావాలంటే ఎముకలు బోలుగా ఉండాలి. ఎముకలు బోలుగా ఉంటే కొట్లాటకు పనికిరాదు. కొట్లాటకు పనికిరాకపోతే తప్పించుకోవడం రావాలి. ఇలా ఒకదాని వెంట ఒకటి తేలేది. నేను ప్రతిపాదిస్తే ఆయన పాస్ చెయ్యాలి, ఆయన ప్రతిపాదిస్తే నేను పాస్ చెయ్యాలి. ఇద్దరూ ఒప్పుకుంటేనే డ్రాగన్‌కు ఆ అవయవం ఉన్నట్టు. ఈ నియమం పెట్టింది ఆయనే. దాన్ని గుర్తుంచుకోండి.

అది ఎక్కడ ఉంటుందన్నది డుమస్‌లో తేలింది. రెండు కుటుంబాలం ఆదివారం సముద్రానికి వెళ్లాం. టమాటా భజియా తింటూ సారు చెప్పులు విప్పి నల్ల ఇసకలో కాలు పెట్టి, చటుక్కున తీసేసుకున్నారు. పొద్దున పది కాకముందే ఇసుక కాలుతోంది. "దొరికింది" అన్నారు, భజియా నోట్లో ఉండగానే. డ్రాగన్ బల్లి జాతిది, ఒంట్లో సొంత వేడి తక్కువ. పొద్దున్నే ఎండ కాచుకోకపోతే రెక్క లేవదు. నల్ల ఇసుక తొందరగా వేడెక్కుతుంది కాబట్టి అది ఇక్కడే ఉండాలి, వెనక ఖాడీలో, అంటే సముద్రపు పాయలో, చేపలు తినాలి. దానికి ఖాడీ డ్రాగన్ అని పేరు పెట్టాం. అటూ ఇటూ ఫొటోలు దిగుతున్నవాళ్లు, ఇసకలో అరచేతులు పెట్టి వేడి చూస్తున్న ముసలాయన్ను, పక్కన గొంతు కూర్చున్న నన్ను వింతగా చూశారు.

తర్వాత మొదటి లాక్‌డౌన్ వచ్చింది. మగ్గాలు ఆగిపోయాయి. మా వడోద్‌లో పుట్టినవాళ్లకు మగ్గాల చప్పుడు లేకపోవడమంటే ఏమిటో అప్పటిదాకా తెలియదు. పసిపిల్లలు ఆ నిశ్శబ్దానికి నిద్రపోలేక ఏడ్చారు. సగం గల్లీ ఊళ్లకు నడిచి వెళ్లిపోయింది. ఉన్నవాళ్లం తలుపులేసుకుని కూర్చున్నాం. సారు తన బాల్కనీ గోడ మీద సుద్దముక్కతో డ్రాగన్‌ను గీయడం మొదలుపెట్టారు. నేను నా కిటికీలోంచి చూసి అరిచేదాన్ని. ఆయన అటునుంచి అరిచేవారు. మధ్యలో గల్లీ ఖాళీగా ఉండేది, కుక్క ఒకటి మా ఇద్దరి వైపూ తల తిప్పుతూ వినేది. రెండు రోజులకు పక్క ఇళ్ల వాళ్లు కూడా కిటికీలు తీశారు.

"సారూ, మీ బల్లికి ఇయ్యాల ఏమొచ్చింది?"

"కడుపు వచ్చింది."

"ఎన్నో నెల?"

"గా కడుపు గాదయ్యా, అరిగే కడుపు!"

ఆ రోజుల్లో మా గల్లీ నవ్వింది ఆ బల్లి వల్లే. ఇంట్లో ఉప్పు పప్పు ఎలాగో, ఊరికి బస్సు ఎప్పుడో అని లెక్కలేసుకుంటున్నవాళ్లు, అది నిప్పెలా కక్కుతుందని వాదించుకున్నారు. నిప్పు దగ్గర మేం చాలా రోజులు ఇరుక్కుపోయాం. గ్యాస్ సంగతి తేలిగ్గానే తేలింది. బర్రె నెమరేస్తూ తేన్చితే వచ్చేది మండే గ్యాసేనని సారు చెప్పారు. అంటించడానికి నిప్పురవ్వ కావాలి. నేను కోళ్లు రాళ్లు మింగడం గుర్తు చేశాను. డ్రాగన్ కూడా చెకుముకి రాళ్లు మింగి, గొంతు దగ్గర ఒక సంచిలో దాచుకుని రాపాడిస్తుందన్నాను. "పాస్!" అని సారు బాల్కనీ అదిరేలా అరిచారు. అయితే ఎందుకు కక్కుతుంది? యుద్ధానికి అని గల్లీ పిల్లలందరూ అన్నారు. ఫెయిల్. అంత గ్యాస్ పోగేయడానికి నెల పడితే, శత్రువు నెలకోసారి చెప్పి వస్తాడా అన్నారు సారు.

మొసలి గుడ్లకు ఇసుక వేడి ఎంత ఉంటే దాన్నిబట్టి ఆడో మగో తేలుతుందట. ఆ సంగతి చెప్పి ఆయన ఊరుకున్నారు. నేను నిద్రలో కూడా దాన్నే తిప్పుకున్నాను. పొద్దున కిటికీ తీసి, నిప్పు గుడ్ల కోసం అన్నాను. చలికాలం రాత్రుళ్లు ఇసుక చల్లబడుతుంది, ఆడది గూటి చుట్టూ ఇసుకను నిప్పుతో కాచి, మళ్లీ మీద పడుకుంటుంది. అది లేచి వెళ్తే గుడ్లు చల్లారి చచ్చిపోతాయి. అందుకే మిగతావాళ్లు దానికి తిండి తెచ్చి పెట్టాలి. సారు గోడ మీది బొమ్మ వైపు తిరిగారు. తర్వాత, "అందరు దాన్ని రాక్షసి అంటున్నరు. అది పొయ్యి" అన్నారు. ఆ రోజు పాస్ అని అరవలేదు, సుద్దముక్క తీసుకుని గోడ మీద గూడు గీశారు. ఆయన నన్ను అంతకన్నా ఎక్కువ ఎప్పుడూ మెచ్చుకోలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. జకార్డ్‌లో ఒక బొమ్మ అంచు పక్క బొమ్మ అంచుకు అతకాలి, లేకపోతే బట్ట మీద ఖాళీలు కనిపిస్తాయి. అందుకని నేను గీసిన మొదటి డ్రాగన్ నోట్లో ముందుదాని తోక చివర ఉన్నట్టు అతికింది. ఇది తప్పు సారూ, కానీ మగ్గానికి తప్పదు అన్నాను. ఆయన తప్పనలేదు. దారం గోదాములో చుంచెలుక పిల్లలు ఒకదాని తోక ఒకటి నోట కరుచుకుని వరసగా వెళ్లడం చూశానన్నారు. ఖాడీ డ్రాగన్ పిల్లలు కూడా అలాగే, ముందుదాని తోక పట్టుకుని ఎగరడం నేర్చుకుంటాయి. మగ్గం అవసరం అలా మా జంతువుకు అలవాటైపోయింది. ఇప్పుడు ఆ వరసను తల్చుకుంటే, తోక నా నోటికిచ్చి ముందున్నది చెప్పకుండా విదిలించుకుని పోయినట్టే ఉంటుంది నాకు.

లాక్‌డౌన్ మధ్యలో సారుకు ఒకసారి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమేనని తర్వాత తేలింది. కానీ ఆ రోజు ఎవరికి తెలుసు? ఎవరూ గడప తొక్కలేదు. నేను మిరియాల కషాయం చేసి, గల్లీ దాటి, సారు పక్కింటి మేడెక్కి, అక్కడి గోడ మీంచి సారు మేడ మీదకు దూకాను. మా ఆయన తిట్టాడు, అమ్మ నెత్తి కొట్టుకుంది. సారు గది తలుపు లోపల గొళ్లెం పెట్టుకుని, "పో బిడ్డా, దండం పెడ్త, పో" అన్నారు. నేను పోలేదు. ఆయన తలుపు తీసి కషాయం తాగేదాకా అక్కడే కూర్చున్నాను. గ్లాసు తిరిగిస్తూ, "నువ్వు మాట వినే రకం గాదు" అన్నారు. నేను దాన్ని ముద్దుగా తీసుకున్నాను. ఆయన దాన్ని జాగ్రత్తగా దాచిపెట్టుకున్నారని ఇప్పుడు తెలుస్తోంది.

ఆ ఏడాది చివర్లో నాకు నెల తప్పింది. సారు సంతోషం ఇంతా అంతా కాదు. డ్రాగన్ గుడ్లు ఎప్పుడు పగలాలో నా నెలలను బట్టి లెక్క వేశారు. పిల్లలు ఎలా ఉంటాయన్నది నేను కాన్పు అయ్యి లేచాక, ఇద్దరం కలిసి తేల్చాలని ఒప్పందం. అంతలో రెండో వేవ్ వచ్చింది. ఈసారి మగ్గాలు పూర్తిగా ఆగలేదు, అంబులెన్సులూ ఆగలేదు. ఒక మధ్యాహ్నం సారు సంచి పట్టుకుని గుమ్మం బయట కనిపించారు. నోటికి రెండు మాస్కులు. కిటికీలోంచి, "ఎటు సారూ?" అని అడిగాను.

"సిరిసిల్ల పోతున్న బిడ్డా. పిల్ల పిలుస్తుంది. ఈడ జర సద్దుమణిగినంక వస్త."

"పెద్దమ్మ?"

"దానికి మోకాళ్లు. బస్సు పడది."

ఆటో ఎక్కబోతూ గోడ పట్టుకుని కాసేపు నిలబడ్డారు. ఎండ అనుకున్నాను. వెనక్కి తిరిగి, "తిన్నవా?" అన్నారు. తిన్నాను సారూ అన్నాను. ఆటో మలుపు తిరిగింది. పెద్దమ్మ తలుపేసుకుంది. ఆ సంచిలో బట్టలు, నీళ్ల సీసా, ఫోన్ చార్జరు ఉన్నాయి. ఆస్పత్రి సామానూ ఊరి సామానూ ఒకేలా ఉంటాయి.

ఆ తర్వాత ఫోన్లు. మొదట్లో మాట్లాడేవారు, తర్వాత సిగ్నల్ సరిగా లేదని వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపేవారు. చిన్న చిన్నవి. వెనక ఏదో బుసబుసమని ఆగకుండా చప్పుడు. "ఏంది సారూ ఆ చప్పుడు?" అని అడిగాను. "పక్క షెడ్డుల వాటర్‌జెట్ మగ్గాలు పెట్టిండ్రు బిడ్డా, ఈడ గూడ" అని జవాబొచ్చింది. వాటర్‌జెట్ మగ్గం నీటి ధారతో పోగును నెడుతుంది, దాని చప్పుడు అలాగే ఉంటుంది. మగ్గాల మధ్య పెరిగిన పిల్లకు ఏ అబద్ధం అతుకుతుందో ఏరికోరి చెప్పారు. సిరిసిల్ల కూడా సూరత్ అవుతోందని సంబరపడ్డాను నేను.

ఒక సాయంత్రం డ్రాగన్ సంగతి ఎత్తారు.

"బిడ్డా, సోచాయించు. ఆడది గుడ్ల మీద ఉన్నది. తిండి తెచ్చే ముసలిదానికి ఊపిరి రోగం వచ్చింది. గూటికాడికి వస్తే ఆడదానికి అంటుతది. రాకుంటే అది దేవులాడుకుంట లేస్తది, గుడ్లు సల్లారుతయి. ఏం జెయ్యాలె ముసలిది?"

ఆ రోజుల్లో అందరి నోటా రోగమే. డ్రాగన్‌కు రావడంలో వింతేముంది? నేను మంచం మీద పడుకుని, పొట్ట మీద చెయ్యేసుకుని హాయిగా ఆలోచించాను. పిట్ట ఒకటి దెబ్బ తగిలినట్టు నటించి పిల్లిని గూటికి దూరంగా లాక్కెళ్లడం చిన్నప్పుడు చూశాను, ఏ పిట్టో మర్చిపోయాను. తట్టింది. రికార్డు చేసి పంపాను.

"దూరంగ ఉండి, రోజు తిండి తెచ్చినప్పుడు ఎట్ల పిలుస్తదో గట్లనే పిలవాలె సారూ. అంతా మంచిగనే ఉందనుకుని ఆడది గుడ్ల మీదనే ఉంటది. తిండి ఇంకోటి తెచ్చిపెడ్తది."

"ఖర్చు?" అని వచ్చింది.

"కూతకు ఊపిరి గావాలె. ఉన్నదే తక్కువ. గదే ఖర్చు."

తర్వాత ఒక్క మాట వచ్చింది. "పాస్."

నేను గర్వంగా నిద్రపోయాను. ఆ తర్వాత వచ్చినవన్నీ ఒకటే మాట. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. "తిన్నవా?" వెనక బుసబుస. అదే చివరిది కూడా. తిన్నాను సారూ, మీరు? అని పంపాను. దానికి, చూసినట్టు నీలం టిక్కులు పడలేదు.

అమ్మకు తెలుసు. మా ఆయనకు తెలుసు. పెద్దమ్మకు తెలుసు. రోజూ నా గిన్నె నిండా అన్నం పెడుతూ, సారు ఫోన్ చేశాడా అని ఏమీ ఎరగనట్టు అడిగింది మా అమ్మ. వాళ్లమీద కోపం తగ్గిపోయింది. భయపడ్డవాళ్లు, చెప్పినట్టు చేశారు. సారు మీద తగ్గలేదు. పెద్దమ్మ మైల రోజులు గడిచి బయటికొచ్చాక, నేను ఆమె ముందు కూర్చుని ఏడవలేదు, అరిచాను. అంత దగ్గరుండి ఒక్కసారి, బయట కిటికీలోంచైనా చూడనివ్వలేదే అన్నాను. పెద్దమ్మ నా అరుపులన్నీ అయ్యేదాకా ఆగింది.

"మొదట్ల నీకు చెప్దామా వద్దా అని మస్తు కొట్లాడిండు వాడు, తనతోని తనే" అంది. సారును ఆమె వాడు అనడం అప్పుడే విన్నాను. "అబద్ధం చెప్పుడు వానికి రాదు గదా. ఒక దినం నాకు ఫోన్ చేసి నవ్విండు. ఇగ ఫికర్ లేదే, బిడ్డే జవాబు చెప్పింది అన్నడు. ముసలిది గట్లనే కూయాలని నువ్వే చెప్పినవంట గదా?"

ఫోన్ తీసి, ఆ రోజు నేను పంపిన రికార్డు వెతికి మళ్లీ విన్నాను.

అర్థమైంది కదా మీకు. నా చేతనే అబద్ధం తయారు చేయించారు. దానికి తానే పాస్ వేశారు. మా ఇద్దరి జంతువును, ఒంట్లో ఉత్తగా ఏదీ ఉండకూడదని ఇన్నాళ్లూ నిజాయితీగా పెంచుకున్నదాన్ని, నన్ను మంచం మీద కట్టిపడేసే తాడుగా వాడుకున్నారు. సంఘం వాళ్లు దీన్ని త్యాగం అంటారు, నాకు తెలుసు. అనుకోనివ్వండి. ఆ గ్లాసుడు కషాయం నేను మళ్లీ ఇవ్వగలిగి ఉండేదాన్ని కదా. తాగేవారో లేదో, అది ఆయన ఇష్టం. తెచ్చివ్వడం నా హక్కు.

ఆయన దగ్గర నేర్చుకున్నదాంతోనే చెబుతాను. ఆ జవాబులో తప్పుంది సారూ. మనిద్దరం ఖర్చు సగమే లెక్కపెట్టాం. ముసలిది చచ్చాక ఆడదానికి నిజం తెలుస్తుంది. అప్పటినుంచి ఆ జాతిలో ఎవరు పిలిచినా అది నమ్మదు. తిండి వచ్చిందని పిలిస్తే, ఎవరు ఎక్కడ చస్తున్నారో అని లేచి చూస్తుంది. ఇప్పుడు మా ఆయన మిల్లు నుంచి ఫోన్ చేసి బాగానే ఉన్నానంటే నేను వీడియో పెట్టమంటాను. అమ్మ గొంతు కాస్త బొంగురుపోతే చెప్పులేసుకుని బయల్దేరతాను. ఆ ఖర్చు మీరు కట్టలేదు, నేను కడుతున్నాను. ఫెయిల్ సారూ. నేను ఇచ్చిన జవాబు వెనక్కి తీసుకుంటున్నాను.

అయినా మీరు నాకు నేర్పినవేవీ వెనక్కి ఇవ్వలేను. సముద్రం దగ్గరికి వెళ్తే ఇప్పటికీ ముందు ఇసుకనే తాకి చూస్తాను. శేఠ్ నాలుగు కాళ్ల ఏ పిట్టను అడిగినా గొడవ పడతాను. మీ బాల్కనీ గోడ మీద సుద్ద బొమ్మ సగం చెరిగింది, రెక్కలు పోయాయి, గూడు మాత్రం చూరు కింద ఉండి మిగిలింది. పెద్దమ్మ దాని మీద తడిగుడ్డ ఆరెయ్యనివ్వదు.

గుడ్లు పగిలాక ఏమవుతుందన్నది మనం తేల్చనేలేదు. నేనొక్కదాన్నే పాస్ చెయ్యకూడదన్నది నియమం కాబట్టి అలాగే వదిలేశాను. పాప పుట్టింది. ఈమధ్యనే అన్నం ముట్టించాం. ఆ రోజు ఎవరు పెట్టినా పెదాలు బిగించి తల తిప్పుకుంది. బెల్లమన్నం పెట్టినా, మా అమ్మ చందమామ పాటలు పాడినా, పెద్దమ్మ గిలక ఆడించినా నోరు తెరవలేదు. అందరూ విసిగి వదిలేశాక, పాపను ఒళ్లో పెట్టుకుని, ఫోన్ తీసి, కొన్నాళ్లుగా వినకుండా దాచుకున్న సారు చివరి రికార్డు పెట్టాను.

వెనక బుసబుస. ఆగి, ఊపిరి లాక్కుని, సారు గొంతు. "తిన్నవా?"

పాప ఫోన్ వైపు తిరిగింది. ఎప్పుడూ వినని గొంతు అది. మళ్లీ పెట్టాను. పెద్దమ్మ చేతిలో గిలక ఆగిపోయింది.

"తిన్నవా?"

పాప నోరు తెరిచింది.